వయసు మీరిన రైతులు కొత్త సాధనములను నేర్చుకొనుట ఎట్లు?

“మొక్కై వంగనిది మానై వంగునా” అను సామెత మన పల్లెలలో తరచుగా వినబడుచుండును. పిల్లల నడవడిని చిన్ననాడే సరిదిద్దవలెనని చెప్పుటకు పుట్టిన మాట ఇది. కాని ఈ రోజులలో అరువది ఏండ్లు దాటిన రైతులు పెక్కుమంది దీనిని తమకు తామే అన్వయించుకొనుచున్నారు. రైతు సేవా కేంద్రమునకు వచ్చి, జేబులోని టచ్‌ఫోనును బల్లమీద పెట్టి, “ఇది మా వల్ల కాదు బాబూ, మీరే ఏదో నొక్కి పెట్టండి” అనుచున్నారు. నలుబది ఏండ్లు సేద్యము చేసి, ఆకు రంగు చూచి పైరు ఆకలిని చెప్పగలవారు కూడ ఇట్లే అనుట విచారింపదగిన విషయము.

వ్యవసాయము తెలిసినవారు ఈ సామెతకు అంతగా వెరవనక్కర లేదు. కాపు తగ్గిన ముదురు మామిడి చెట్టును మనము వెంటనే వేరుతో పెకలించి పారవేయము. కొమ్మలను తగిన ఎత్తున కోసి, కొత్తగా వచ్చిన చిగుళ్లకు మేలిరకపు అంటు కట్టుదుము. లోతుకు పోయిన పాత వేరు బలము నందించుచుండుటచే అట్టి చెట్టు, కొత్తగా నాటిన మొక్క కంటె ముందుగా కాపునకు వచ్చును. వయసు మీరిన రైతు నేర్చుకొనుట కూడ ఈ రీతిగానే జరుగును. అయితే అంటు కట్టుటకు ఒక పద్ధతి గలదు. నేర్చుకొనుటకు కూడ ఒక పద్ధతి గలదు. దానిని పాటింపకపోవుటచేతనే పలువురు మధ్యలో విరమించుచున్నారు. ఆ పద్ధతిని ఇందు వివరింతుము.

నేర్చుకొనకున్న కలుగు నష్టము

ఒకప్పుడు ఫోను వేడుక వస్తువు. నేడు అది పట్టాదారు పుస్తకము వలె రైతు ఇంట ఉండవలసిన సాధనమైనది. ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి పథకము 2019 ఫిబ్రవరి 24న ప్రారంభమైనది. దీని క్రింద ఏడాదికి 6,000 రూపాయలు, 2,000 చొప్పున మూడు వాయిదాలుగా రైతు ఖాతాలో జమ యగును. ఈ సొమ్ము రావలెనన్న ఈ-కేవైసీ పూర్తి కావలెను. ఆధార్‌కు కలిపిన ఫోనుకు వచ్చు ఓటీపీ ద్వారా గాని, వేలిముద్ర ద్వారా గాని, 2023 నుండి ఫోనులో ముఖము చూపుట ద్వారా గాని దీనిని చేయవచ్చును. అది పూర్తి కానిచో వాయిదా నిలిచిపోవును.

మన రాష్ట్రములో పంట వివరములను ఈ-పంటలో నమోదు చేయుచున్నారు. పంటల బీమాకు, విపత్తు వచ్చినప్పుడు ఇచ్చు సాయమునకు, ధాన్యము కొనుగోలుకు ఈ నమోదే ఆధారము. సర్వే నంబరు తప్పు పడినను, వరికి బదులు మరియొక పంట పడినను, ఆ సంగతి రైతునకు కోత నాటికి గాని తెలియదు. వచ్చిన సందేశమును అప్పుడే చదువుకొనగల రైతు ఆ తప్పును వెంటనే దిద్దించుకొనును. చదువుకొనలేని రైతు కల్లములో ధాన్యము పోసికొని కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చును.

దీనికి మించిన నష్టము మరియొకటి గలదు. ఫోను తెలియని రైతు తన పిన్ నంబరును, ఓటీపీని, ఒక్కొక్కప్పుడు ఫోనునే, పరుల చేతికి ఇచ్చుచున్నాడు. ఇనుప పెట్టె తాళము చెవి ఎవరికిని ఇయ్యని మనిషి, తెలియకపోవుటచే బ్యాంకు ఖాతా తాళము చెవిని బజారులో చేతులు మార్చుచున్నాడు. కావున నేర్చుకొనుట గొప్పకొరకు కాదు. తన సొమ్ము తన చేతిలో ఉంచుకొనుట కొరకు.

పెద్దలు ఇదివరకు నేర్చుకొనలేదా?

1957 ఏప్రిల్ 1న మన దేశములో నయాపైసలు వచ్చినవి. అంతవరకు రూపాయికి 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు. పుట్టినది మొదలు అణాలలోనే లెక్క వేసిన ముసలివారు ఒక్కసారిగా రూపాయికి 100 నయాపైసలని లెక్క వేయవలసి వచ్చినది. ఆ పిమ్మట వీశెలు, మణుగులు పోయి కిలోలు, క్వింటాళ్లు వచ్చినవి. చదువు రానివారు కూడ ఈ లెక్కలను పట్టుకొనిరి. ఎట్లు పట్టుకొనిరి? పాత నాణెము, కొత్త నాణెము కొన్ని ఏండ్లు కలిసి చెల్లినవి. అంగడికి పోయిన ప్రతిసారి చేతితో ఇచ్చి, చేతితో పుచ్చుకొని నేర్చుకొనిరి. ఒక ఉపన్యాసము విని నేర్చుకొన్నవారు లేరు.

నేటి అరువదియైదేండ్ల రైతు సంగతియు అంతే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చునాటికి ఆయన వయసు నలుబది దాటినది. కొత్త విత్తనము, దాని చుట్టు వేయవలసిన బీటీ కాని పత్తి వరుసలు, మారిన పురుగుమందులు, అన్నియు ఆ వయసులోనే తెలిసికొనినాడు. 2003లో మన రాష్ట్రములో సూక్ష్మ సేద్య పథకము వచ్చిన పిదప, కాలువ నీరు తప్ప ఎరుగనివారు బిందు సేద్యపు గొట్టములు పరచి, వెంచురీతో నీటిలో ఎరువు కలిపి పారించుట నేర్చిరి. చిన్ననాడు కపిల మోట తోలిన చేతులే పిదప విద్యుత్తు మోటారు మీటను ఎత్తినవి. కావున “ఈ వయసున కొత్తది రాదు” అనుమాట వారి చరిత్రకే విరుద్ధము.

మరి ఫోను దగ్గర మాత్రమే ఏల వెనుదీయుచున్నారు? మోటారు, గొట్టము, విత్తనము కంటికి కనబడు వస్తువులు. చేయి పెట్టిన తోడనే ఫలితము తెలియును. ఫోనులో ఒక తెర వెనుక మరియొక తెర దాగి యుండును. పైగా అది మన కండ్లకు, వ్రేళ్లకు, జ్ఞాపకమునకు ఒకేసారి పరీక్ష పెట్టును. ఈ మూడింటిని విడివిడిగా చూచిన యెడల చిక్కు చాలవరకు విడిపోవును.

వయసుతో మారునవి, మారనివి

మొదటిది కన్ను. కంటిలోని కటకము ఏండ్లు గడచిన కొలది బిరుసెక్కును. నలుబది దాటినంతనే దగ్గరి అక్షరములు మసకబారును. దీనినే మనము చత్వారము అందుము. ఫోనులోని చిన్న అక్షరములు కనబడక తప్పు బొత్తాము నొక్కిన రైతు, లోపము తన బుద్ధిలో ఉన్నదని అనుకొనుచున్నాడు. లోపము అద్దములలో ఉన్నది. చదువుటకు తగిన అద్దములు లేనిదే ఫోను నేర్చుకొనుటకు పూనుకొనుట, చీకటిలో నారు నాటుట వంటిది.

రెండవది వ్రేలు. టచ్‌ఫోను తెర బరువును గుర్తించదు. వ్రేలిలోని స్వల్పమైన విద్యుత్ ప్రసారమును గుర్తించును. చర్మములో కొంత తేమ ఉన్నప్పుడే అది చక్కగా పని చేయును. వయసుతో చర్మము పొడిబారును. సేద్యము చేసిన చేతికి కాయలు కాచి యుండును. అందుచే తెర ఒక్కొక్కప్పుడు పలుకదు. పలుకలేదని గట్టిగా అదిమి పట్టుకొందురు. అదిమి పట్టుకొన్నచో ఫోను దానిని వేరొక ఆజ్ఞగా భావించి మరియొక పని చేయును. వేలిముద్ర యంత్రము దగ్గర కలుగు ఇబ్బందికి కూడ కారణము ఇట్టిదే. గడ్డపార, కొడవలి పట్టిన చేతి గీతలు అరిగిపోవును. ఇది రైతు తప్పు కాదు. అట్టి వారికి కంటిపాపతో గాని, ముఖముతో గాని గుర్తింపు చేయించవలెను.

మూడవది జ్ఞాపకము. ఇందు రెండు విధములు గలవు. అప్పటికప్పుడు నాలుగైదు సంగతులను మనసున నిలిపి త్వరగా తేల్చుకొను శక్తి ఒకటి. ఏండ్ల తరబడి కూడబెట్టిన తెలివి మరియొకటి. రేమండ్ కాటెల్ అను మనస్తత్వ శాస్త్రవేత్త 1963లో ఈ రెండింటిని వేరుచేసి వివరించినాడు. మొదటి శక్తి వయసుతో మందగించును. రెండవది చాలకాలము తగ్గదు, తరచు పెరుగును కూడ. ఓటీపీ విషయములో పెద్దలు తడబడుటకు మొదటి శక్తియే కారణము. సందేశములో ఆరంకెల సంఖ్యను చూచి, ఆ తెరను విడిచి, మరియొక తెరకు పోయి, గడువు దాటక మునుపే దానిని వేయవలెను. ఇది పరుగు పందెము వంటిది. పందెములో వెనుకబడినవానికి నడచుట రాదని అనగూడదు గదా.

దీనివలన తేలునది ఏమనగా, వయసు మీరినవారు నేర్చుకొనుటకు కాలము ఎక్కువ పట్టును. అంతియే గాని నేర్చుకొనలేరనుట నిజము కాదు.

మొదట ఫోనును మనకు తగినట్లు సవరించుకొనుట

దుక్కికి ముందు నాగలిని సరిచూచుకొందుము. అట్లే పాఠమునకు ముందు ఫోనును సవరించుకొనవలెను. ఈ పనిని ఇంటిలోని పిల్లలచే గాని, రైతు సేవా కేంద్రములో గాని ఒక్కసారి చేయించుకొన్న చాలును.

1. సెట్టింగులలోని డిస్‌ప్లే భాగములో అక్షరముల పరిమాణమును పెద్దది చేయవలెను. భాషను తెలుగునకు మార్చవలెను.

2. తెర వెలుతురును పెంచవలెను. ఎండలో తెర కనబడదు. చెట్టు నీడకు పోయి చూడవలెను. తెర త్వరగా ఆరిపోకుండ గడువును పెంచుకొనవలెను.

3. యాక్సెసిబిలిటీ అను భాగములో, నొక్కి పట్టుకొను వ్యవధిని హెచ్చించు వీలు గలదు. దానిని హెచ్చించినచో వ్రేలు కొంచెము ఆలస్యముగా తీసినను ఫోను పొరబడదు.

4. చేతిని కడిగి, తుడిచికొని, గోటితో కాక వ్రేలి కండతో మెల్లగా తాకి తీయవలెను. తాకుట వేరు, అదుముట వేరు.

5. అక్కరలేని గుర్తులనెల్ల తొలగించి, వాడుకొను నాలుగైదింటిని మాత్రమే మొదటి తెరపై ఉంచవలెను. కలుపు తీసిన మడిలో పైరు కనబడును.

ఏది చెడును? ఏది చెడదు?

పెద్దలను వెనుకకు లాగునది మందబుద్ధి కాదు, భయము. “ఏదో నొక్కితే ఏమవుతుందో” అను భయముచే వ్రేలు ముందుకు సాగదు. పిల్లలకు ఈ భయము లేదు. వారు పది తప్పులు చేసి పదునొకండవ మారు దారి కనుగొందురు. వారి వేగమునకు ఒక కారణము ఈ ధైర్యమే.

కావున మొట్టమొదట నేర్వవలసినది వెనుకకు వచ్చు దారి. ఫోనులో ఎచ్చటికి పోయినను వెనుకకు వచ్చు గుర్తు ఒకటి, మొదటి తెరకు వచ్చు గుర్తు ఒకటి ఉండును. కొన్ని ఫోనులలో తెర అంచు నుండి వ్రేలిని జరిపిన వెనుకకు వచ్చును. దీనిని ఇరువది మారులు అభ్యసింపవలెను. ఎచ్చటికైనను పోయి తిరిగి రాగలనన్న నమ్మకము కలిగిన పిదప సగము భయము తీరును.

వాతావరణము చూచుచున్నప్పుడో, ఫోటో తీయుచున్నప్పుడో ఒక గుర్తు బదులు మరియొక గుర్తు నొక్కినంత మాత్రమున ఫోను పాడు కాదు, సొమ్ము పోదు. ప్రమాదము ముఖ్యముగా మూడు చోట్ల ఉన్నది. ఈ మూడింటిని గట్టిగా గుర్తుంచుకొనవలెను.

ఒకటి, పిన్. యూపీఐలో సొమ్ము మన ఖాతా నుండి పోవుటకే పిన్ కావలెను. సొమ్ము మనకు వచ్చుటకు పిన్ అక్కర లేదు. “మీకు డబ్బు పంపుచున్నాము, పిన్ వేయండి” అన్నవాడు దొంగ యని తెలియవలెను.

రెండు, ఓటీపీ. ఫోనులో అడిగినవారికి, వారు బ్యాంకువారమన్నను, అధికారులమన్నను, చెప్పరాదు.

మూడు, తెలియని లింకులు, ఫైళ్లు. పీఎం కిసాన్ పేరుతోను, బ్యాంకు పేరుతోను వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైళ్లను తాకరాదు. వానిని తెరచిన యెడల ఫోను దొంగల వశమగును. యాప్‌ను ప్లే స్టోర్ నుండియే తెచ్చుకొనవలెను.

ఒకవేళ మోసము జరిగినచో సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును ఆపుటకు అంత వీలుండును. ఈ మూడు చోట్ల తప్ప మిగిలిన చోట్ల పెద్దలు ధైర్యముగా చేయి చేసికొనవచ్చును.

నేర్చుకొను పద్ధతి

ఒక కాలమున ఒకే పని: నేడు సందేశము, వాతావరణము, చెల్లింపు అన్నియు చెప్పించుకొన్నవారికి రేపటికి ఏదియు మిగులదు. వారమునకు ఒక పని చాలును. అది కూడ తమకు అక్కరయైన పని కావలెను. మొదటి వారము సందేశము తెరచి చదువుట. రెండవ వారము వాతావరణము. మూడవ వారము ఫోటో తీసి పంపుట. సొమ్ము చెల్లింపును చివరకు పెట్టుకొనవలెను. మొదట ఇంటిలోని వారికే ఒక రూపాయి పంపి చూచుకొనవలెను.

తడులు విడదీసి ఇచ్చుట: హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు 1885లో జ్ఞాపకమును గురించి తన పరిశోధనలను ప్రకటించినాడు. నేర్చినది మొదటి గంటలలోనే వేగముగా మరపునకు వచ్చుననియు, విడివిడి దినములలో మరల మరల చేసినది నిలుచుననియు ఆయన కనుగొనినాడు. ఇది రైతునకు తెలియని సంగతి కాదు. ఒకేసారి ముంచి పెట్టిన నీరు వృథా పోవును. వ్యవధినిచ్చి పెట్టిన తడి వేరునకు అందును. ఉదయము నేర్చినదానిని ఆ సాయంత్రము ఒకసారి, మరునాడు ఒకసారి, నాలుగవ దినమున ఒకసారి, పదవ దినమున ఒకసారి చేయవలెను. ఒక్కొక్కసారికి పది నిమిషములు చాలును.

చేతి పుస్తకము: ఒక చిన్న నోటు పుస్తకములో, తమ చేవ్రాతతో, తమ మాటలలో క్రమమును వ్రాసికొనవలెను. “మబ్బు బొమ్మ నొక్కు, మా జిల్లా నొక్కు, క్రిందికి జరుపు” అని వ్రాసికొన్న చాలును. ఇతరులు వ్రాసి ఇచ్చినదానికంటె తాను వ్రాసికొన్నది బాగుగా గుర్తుండును. అయితే పిన్‌ను ఈ పుస్తకములో వ్రాయరాదు. ఓటీపీ వచ్చినప్పుడు దానిని చీటీపై వ్రాసికొని, చూచి వేసి, చీటీని చింపివేయవలెను. తెరలు మార్చునప్పుడు మరచిపోవు బాధ ఇందువలన తప్పును.

చోటును కాదు, గుర్తును పట్టుట: యాప్‌లు అప్పుడప్పుడు మారుచుండును. పైన ఉన్న బొత్తాము క్రిందికి వచ్చును. చోటును మాత్రమే కంఠస్థము చేసినవారు అప్పుడు దిక్కు తోచక నిలిచిపోవుదురు. బాణము గుర్తు వెనుకకు పోవుటకు, గుణకారపు గుర్తు మూయుటకు, మూడు చుక్కలు మరికొన్ని పనులు చూపుటకు, మైకు బొమ్మ నోటిమాటను అక్షరములుగా మార్చుటకు అని గుర్తుల అర్థమును నేర్చినచో, యాప్ మారినను దారి తప్పదు. వ్రాయుట కష్టమైనవారు మైకు బొమ్మ నొక్కి తెలుగులోనే మాటలాడవచ్చును.

పాత అనుభవమునకు కొత్త సాధనము తోడైనచో

టచ్‌ఫోను లేనివారు కూడ నేడే మొదలిడవచ్చును. కిసాన్ కాల్ సెంటరు 2004 జనవరి 21 నుండి పని చేయుచున్నది. 1800-180-1551 నంబరునకు ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు బటన్ ఫోను నుండియే మాటలాడవచ్చును. దీనికి రుసుము లేదు. తెలుగులోనే సమాధానము చెప్పుదురు.

టచ్‌ఫోను గలవారు మేఘదూత్ యాప్‌లో తమ జిల్లా వాతావరణమును, వారమునకు రెండు మారులు, అనగా మంగళ, శుక్రవారములలో, వచ్చు పంట సలహాను తెలుగులో చూడవచ్చును. రేపు వాన ఉన్నదని తెలిసినచో నేటి పురుగుమందు పిచికారీని ఆపుకొందురు. మందు, కూలి రెండును మిగులును. పిడుగుల సమాచారము నిచ్చు దామిని యాప్ పొలములో పని చేయువారికి ప్రాణరక్షకమైనది.

సెల్‌ఫోనుతో నడుచు మోటారు స్టార్టరు పెద్దలకు ప్రత్యేకముగా మేలు చేయును. స్టార్టరులో ఒక సిమ్ కార్డు ఉండును. ఇంటి నుండి ఫోను చేసి మోటారును వేయవచ్చును, ఆపవచ్చును. కరెంటు వచ్చినదియు లేనిదియు తెలియును. అర్ధరాత్రి గట్లపై పాములకు, తడి నేలపై విద్యుదాఘాతమునకు వెరచుచు పోవలసిన పని తగ్గును. అయితే మోటారు వద్ద మనుషులు దిగి యుండగా దూరము నుండి మీట వేయరాదు. ముందుగా విచారించి వేయవలెను.

ఇక పెద్దల అనుభవమునకు గల విలువను ఒక ఉదాహరణముతో చూతము. నాటిన రెండు మూడు వారములకు వరిలో ముదురాకులపై తుప్పు రంగు మచ్చలు వచ్చి, పైరు గిడసబారినది. ఫోటో చూచి తెగులు చెప్పు యాప్‌లో చూపగా, అది గోధుమ రంగు మచ్చ తెగులు అని చెప్పవచ్చును. కుర్రవాడు వెంటనే తెగులు మందు కొనును. పెద్ద రైతు మాత్రము, “ఈ మడిలో ఈ మూలనే ఏటేటా ఇట్లుండును. నీరు నిలుచు చోటు ఇది. జింకు లోపము కావచ్చును” అని అనుమానించును. అనుమానము నిజమైనచో లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి 5 రోజుల వ్యవధిలో రెండు మూడు మారులు పిచికారీ చేసిన పైరు తేరుకొనును. ఫోను ఒక ఆకును చూచినది. రైతు ముప్పది ఏండ్లుగా ఆ మడిని చూచుచున్నాడు. ఈ రెండు చూపులును కలిసినప్పుడే సరియైన నిర్ణయము కలుగును. పెద్దలు ఫోనును విడిచినచో, ఆ ముప్పది ఏండ్ల చూపు ఫోనుకు అందకనే పోవును.

నేర్పువారికి సూచనలు

పెద్దలు నేర్చుకొనలేకపోవుటలో సగము తప్పు నేర్పువారిది. కేంద్రమునకు వచ్చిన పెద్దాయన చేతిలోని ఫోనును మనుమడు లాగికొని, నాలుగు క్షణములలో పని ముగించి, “అయిపోయింది తాతా” అని తిరిగి ఇచ్చుట మేము తరచు చూచుచుందుము. పని అయినది గాని పాఠము కాలేదు. ఒక పెద్దాయన ఈ విషయమున అన్న మాట మరువరానిది. “వీడి నాన్నకు దుక్కి నేర్పినప్పుడు నేను మేడి లాక్కోలేదు బాబూ. చాలు వంకరపోతే పోనీ అని పక్కన నడిచాను.” ఇంతకు మించిన విస్తరణ సూత్రము వేరే లేదు. నేర్పువాడు తన చేతులను వెనుకకు కట్టుకొని, నోటితో మాత్రమే చెప్పవలెను. ఫోను నేర్చుకొనువారి చేతిలోనే ఉండవలెను.

గ్రామములలో పని చేయు ఉద్యోగులు ఈ క్రింది విషయములను పాటించిన మేలు.

1. నలుగురైదుగురు పెద్దలను ఒక జట్టుగా పిలువవలెను. యువకులతో కలుపరాదు. కుర్రవారి వేగము చూచి పెద్దలు నోరు మెదపరు.

2. నాట్లు, కోతల పనులు లేని దినములలో, సాయంకాలము చల్లని వేళ, సిగ్నలు బాగుగా అందు చోట కూర్చుండబెట్టవలెను.

3. ముందుగా ఎవరికి చదువు అద్దములు కావలెనో చూడవలెను.

4. ఊహించిన ఉదాహరణలతో కాక, వారి సొంత వాయిదా, వారి సొంత పొలము నమోదు చూపి నేర్పవలెను. తన పేరు తెరపై కనబడినప్పుడు కలుగు శ్రద్ధ వేరు.

5. ఒక పెద్ద నేర్చిన పిదప, మరియొకరికి ఆయన చేతనే నేర్పింపవలెను. ఈడువాడు చెప్పిన మాట గుండెకు పట్టును.

6. మహిళా రైతులను మరువరాదు. పాడి, కోళ్లు, కూరగాయల లెక్కలు చూచువారు వారే. వారికి వేరుగా ఒక వేళ కేటాయించవలెను.

7. ఈ-పంట నమోదు చేయునప్పుడు సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, రకము రైతు ఎదుట బిగ్గరగా చదివి, తెరను ఆయనకు చూపి, ఆయన ఔనన్న పిదపనే ముగించవలెను.

8. “ఇంతమాత్రము రాదా?” అను మాట నోట రానీయరాదు. ఆ ఒక్క మాటతో ఆయన మరల మీ గుమ్మము త్రొక్కరు.

ముఖముతో ఈ-కేవైసీ చేయుటను మొదట కొందరికి నేర్పిన మిగిలిన పని సులువగును. వెలుతురు ముఖముపై పడునట్లు నిలిచి, ఫోనును కదలక పట్టుకొని, రెప్ప ఆర్పుమన్నప్పుడు ఆర్పవలెను. దీనిని నేర్చిన రైతు తన పని చేసికొనుటయే గాక, వేలిముద్ర పడని ఇరుగుపొరుగు పెద్దలకు కూడ సాయపడగలడు.

రైతు సోదరులారా! సోదరీమణులారా! ఈ వారము ఒక్క పనిని ఎంచుకొనుడు. మీ ఫోనులో అక్షరములను పెద్దవి చేయించుకొని, వచ్చు మంగళవారము మీ జిల్లా వాతావరణ సలహాను మీ చేతితోనే తెరచి చదువుడు. ఆలస్యమైనచో కానిండు. అది వచ్చిన పిదప రెండవదానికి పూనుకొనుడు. సందేహము కలిగినచో మీ గ్రామములోని రైతు సేవా కేంద్రములో అడుగుడు. అడిగిన మీదట మా చేతికి ఫోను ఇయ్యక, మీ చేతిలోనే ఉంచుకొని చెప్పించుకొనుడు.